గొడవ జరగని ఊరిని చదవడం కూడా ఒక కెరీరేనా? సలహా కావాలి

గోదారి_ఒడ్డు:

అందరికీ నమస్కారం. ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ రెండో ఏడాది చదువుతున్నాను. మాది ఉత్తర తెలంగాణలో చిన్న పట్టణం. పత్తి మార్కెట్, జిన్నింగ్ మిల్లులు, ఒక బస్టాండు, అంతే. పదేళ్ళలో రెండుసార్లు మతగొడవలు అయ్యాయి. రెండోసారి నేను ఇంటర్ పరీక్షలకు చదువుకుంటున్నాను. కిటికీ అద్దం ఎర్రగా అయింది, ఏంటా అని చూస్తే వీధి చివర బండ్లు తగలబడుతున్నాయి. అమ్మ లైట్లన్నీ తీసేసి నన్నూ తమ్ముణ్ణీ వంటింట్లో గ్యాస్ బండ పక్కన కూర్చోబెట్టింది, మళ్ళీ ఏమనుకుందో ఏమో బండ రెగ్యులేటర్ ఊడదీసి దాన్ని బాత్రూంలో పెట్టేసింది.

నాకు అప్పటినుంచీ ఒకటే ప్రశ్న. మా ఊరికి పాతిక కిలోమీటర్లలో ఇంకో పట్టణం ఉంది. అదే జనం, అదే పత్తి, అవే ఊరేగింపులు. మా ఊరు తగలబడిన రెండుసార్లూ అక్కడ షాపులు తెరిచే ఉన్నాయి. ఎందుకు? ఈ మాట క్లాసులో అంటే మా సార్, "అశుతోష్ వార్ష్ణేయ్‌ని చదువు, ఆయన జీవితమంతా ఇదే పని" అన్నారు. చదవడం మొదలుపెట్టాను. ఇలాంటి పనితో బతకొచ్చా? ఎంత కాలం పడుతుంది? నాన్న గ్రూప్స్‌కి కోచింగ్ ఫీజు కడతానంటున్నారు, ఆయనకి ఏం చెప్పాలో తెలియడం లేదు. ఈ దారిలో నడిచినవాళ్ళు ఉంటే చెప్పండి.

మిడ్‌వెస్ట్_తెలుగు:

చెల్లెమ్మా, ఆ కిటికీ అద్దం సంగతి చదివి చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. నేను అమెరికాలో పొలిటికల్ సైన్స్ పీహెచ్‌డీ చివర్లో ఉన్నాను, ఈ ఏడాదే ఉద్యోగాలకు అప్లై చేస్తున్నాను. నాకు తెలిసినంత చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు వార్ష్ణేయ్ గారి దారి చూడు, ఎందుకంటే ఆయన మొదలుపెట్టింది మతకల్లోలాలతో కాదు. ఎంఐటీలో మైరన్ వైనర్ దగ్గర పీహెచ్‌డీ చేశారు, విషయం రైతుల ధరలు. పేద దేశాల్లో ప్రభుత్వాలు పట్నాలనే చూసుకుంటాయి, పల్లెల నుంచి పిండుకుంటాయి అని అప్పట్లో గట్టి వాదన ఉండేది. మరి ఇండియాలో ఓట్లన్నీ పల్లెల్లోనే ఉన్నాయి కదా, ఇక్కడా అలాగే జరుగుతోందా? ఇదీ ఆయన ప్రశ్న. 1965లో వ్యవసాయ ధరల కమిషన్, ధాన్యం కొనే ఎఫ్‌సీఐ పుట్టడం దగ్గర్నుంచి చరణ్ సింగ్, శరద్ జోషి, టికాయత్ లాంటి రైతు నాయకుల దాకా చూసుకుంటూ వచ్చి, ప్రజాస్వామ్యం వల్ల రైతుకు బలం పెరిగింది, కానీ ఒక హద్దు దగ్గర ఆగిపోయింది అని తేల్చారు. ఎందుకు ఆగిందంటే, రైతు రైతుగా మాత్రమే ఓటు వేయడు, కులంగా, మతంగా, ప్రాంతంగా కూడా వేస్తాడు. ఆ థీసిస్ 1995లో పుస్తకంగా వచ్చింది.

అక్కడినుంచి రెండో ప్రశ్నకి ఎలా వెళ్ళారో చూశావా? డబ్బు ప్రయోజనం ఒకటే అయినా జనం కలవరు, మరి కలిసినచోట ఎలా కలుస్తున్నారు, కలవనిచోట ఏమవుతోంది. అభివృద్ధి మీద పని చేసే మనిషి సంఘర్షణ దగ్గర తేలడం నాకు చాలా సహజంగా అనిపిస్తుంది. ఈ రెండో ప్రశ్న మీద పుస్తకం 2002లో వచ్చింది, అంటే మొదటి దానికీ దీనికీ మధ్య 7 ఏళ్ళు. హార్వర్డ్‌లో పాఠం చెప్పారు, తర్వాత మిషిగన్, ఇప్పుడు బ్రౌన్. "ఎంత కాలం" అని అడిగావు కాబట్టి చెప్తున్నాను, ఈ రంగంలో ఒక ప్రశ్నకి పదేళ్ళు పోవడం మామూలే.

గుంటూరు_మిరప:

మైరన్ వైనర్ పేరు వచ్చింది కాబట్టి నేను ఆగలేను. ఆయన 1960ల్లో మా గుంటూరు వచ్చి పని చేశారు! కాంగ్రెస్ పార్టీ ఊళ్ళలో ఎలా నిలబడింది అని 5 చోట్ల చూశారు: ఖైరా, గుంటూరు, బెల్గాం, కలకత్తా, మదురై. పుస్తకం 1967లో వచ్చింది. సిద్ధాంతాల సంగతి ఎక్కువ ఉండదందులో. కార్యకర్త పొద్దున్నే లేచి ఏం చేస్తాడు, ఎవరి అప్పు కాగితం మీద సంతకం పెట్టిస్తాడు, ఎవరి గట్టు తగాదా తీరుస్తాడు, ఇవి ఉంటాయి. మా తాతయ్య అదే కాలంలో మా ఊళ్ళో పార్టీ మనిషి. ఆయన అరుగు మీద ఎప్పుడూ ముగ్గురు నలుగురు కూర్చుని ఉండేవాళ్ళట, సిమెంటు పర్మిట్ కోసం ఒకరు, కొడుకు హాస్టల్ సీటు కోసం ఇంకొకరు. నానమ్మ కాఫీ పొడి నెల మధ్యలోనే అయిపోతోందని గొడవపడేది. దాన్ని ఒక అమెరికన్ ప్రొఫెసర్ రాజకీయ శాస్త్రం అన్నాడని నాకు ముప్పై ఏళ్ళు వచ్చాక తెలిసింది.

ఆయనే 1978లో భూమిపుత్రుల వాదం మీద, అంటే ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకే అనే వాదం మీద రాశారు, అస్సాం, ఛోటానాగ్‌పూర్‌లతో పాటు మన ముల్కీ గొడవ కూడా అందులో ఉంది. 1991లో బాలకార్మికుల మీద రాశారు. దేశం పేదది కాబట్టే పిల్లలు పనికి పోతున్నారని అందరూ అనే మాటను ఆయన ఒప్పుకోలేదు, మనకంటే పేదగా ఉన్నప్పుడే నిర్బంధ విద్య తెచ్చిన దేశాలను చూపించి, ఇక్కడ చదువుకున్న మధ్యతరగతికి కూలివాళ్ళ పిల్లలు చదవాలన్న పట్టుదల లేకపోవడమే అసలు అడ్డు అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది, ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

అమ్మాయ్, మీ నాన్నగారికి ఏం చెప్పాలో నాకు తెలియదు గానీ, ఇది పనికిమాలిన చదువు మాత్రం కాదు.

పాత_సబ్ఎడిటర్:

నేను 31 ఏళ్ళు తెలుగు పత్రికల్లో డెస్కులో పని చేసి రిటైరయ్యాను. ఈ చదువులకి పునాది మా లాంటివాళ్ళు రాసిన వార్తలే, అందుకని ఆ పునాది ఎలా ఉంటుందో చెప్తాను.

వార్ష్ణేయ్ గారు, స్టీవెన్ విల్కిన్‌సన్ అనే ఇంకో రాజకీయ శాస్త్రవేత్త కలిసి 1950 నుంచి 1995 దాకా టైమ్స్ ఆఫ్ ఇండియా బొంబాయి ఎడిషన్ రోజుకొకటి చొప్పున చదివించి ప్రతి హిందూ ముస్లిం గొడవనీ నమోదు చేశారు. 46 ఏళ్ళ పత్రిక! ఊరు, తేదీ, ఎందుకు మొదలైంది, ఎన్ని రోజులు నడిచింది, ఎంతమంది పోయారు. అది పూర్తయ్యాకే అసలు విషయం బయటపడింది. పల్లెల్లో చనిపోయినవాళ్ళు మొత్తంలో 4 శాతం కంటే తక్కువ. 8 నగరాల్లోనే దాదాపు 46 శాతం మరణాలు. అహ్మదాబాద్, బొంబాయి, అలీగఢ్, హైదరాబాద్, మీరట్, బరోడా, కలకత్తా, ఢిల్లీ. దేశంలో పట్టణ జనాభా మొత్తంలో ఈ 8 కలిపితే 18 శాతమే. అంటే "హిందువులకీ ముస్లింలకీ పడదు" అనే మాటతో ఏమీ తేలదు, పడని చోట్లు కొన్నే.

ఇక వార్త సంగతి. మేము "రెండు వర్గాల మధ్య ఘర్షణ" అని రాసేవాళ్ళం, మతం పేరు రాయకూడదని నియమం, మంచి నియమమే. కానీ ముప్పై ఏళ్ళ తర్వాత అది చదివే పరిశోధకుడికి ఆ రెండు వర్గాలు ఎవరో తెలియాలి కదా, పక్కనున్న వివరాలను బట్టి, ఏ గుడి దగ్గర, ఏ ఊరేగింపు రోజు అన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. మృతుల సంఖ్య ఇంకో తలనొప్పి. రాత్రి పదకొండింటికి మా కంట్రిబ్యూటర్ ఫోన్ చేసి "ముగ్గురు సార్" అంటాడు, పోలీసులు "ఒకరు" అంటారు, జిల్లా ఎడిషన్ వెళ్ళిపోతుంది ముగ్గురితో, సిటీ ఎడిషన్‌కి ఒకరు అవుతారు, ఆసుపత్రిలో ఇంకొకతను నాలుగు రోజులకి పోతే అది ఐదో పేజీలో రెండు లైన్ల వార్త. ఒక రాత్రి నేనే "ముగ్గురు" కొట్టేసి "ఒకరు" చేశాను, నాలుగు రోజులకి వచ్చిన ఆ రెండు లైన్లూ కూడా నేనే దిద్దాను. ఆ పిల్లవాడి పేరు ఇప్పటికీ గుర్తుంది.

అమ్మా, నువ్వు పత్రికల నుంచి లెక్క తీస్తే ఒకే రోజు పేపరు చూసి వదిలేయకు. తర్వాతి పది రోజులు కూడా చదువు.

శాలిబండ:

నేను పాతబస్తీలో పుట్టి పెరిగినవాణ్ణి. 1990 డిసెంబరు గొడవలప్పుడు నాకు పదకొండేళ్ళు. మా పక్కిల్లు ముస్లింలది, మధ్యలో ఛాతీ ఎత్తు పిట్టగోడ. కర్ఫ్యూ రెండు గంటలు సడలిస్తే నాన్న బయటికి పోవడానికి భయపడేవాడు, పక్కింటి చాచా వెళ్ళి పాలు తెచ్చి ఇత్తడి గిన్నెలో పోసి గోడ మీదినుంచి అందించేవాడు. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని అమ్మ అందులో గుప్పెడు చక్కెర వేసి ఇచ్చేది. చక్కెర కూడా అయిపోయాక బియ్యం వేసింది. అన్ని రోజులూ ఆ గిన్నె అటూ ఇటూ తిరిగింది.

అయినా మా గల్లీ చివర ఇద్దరు పోయారు, మా వాడొకడు, వాళ్ళ వాడొకడు. మా రెండిళ్ళ మధ్య అంత ప్రేమ ఉంది కదా, అది వాళ్ళను ఎందుకు కాపాడలేదు అని చిన్నప్పటినుంచీ అనుకునేవాణ్ణి. ఎవరూ జవాబు చెప్పలేదు, "అంతా రాజకీయం" అనేవాళ్ళు. ఇప్పుడు మీరంతా మాట్లాడుతున్న ఈ పుస్తకంలో హైదరాబాద్‌ని లక్నోతో పోల్చారని విన్నాను. ఏమన్నారు అందులో? తెలిసినవాళ్ళు చెప్పండి, నేను నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా.

మిడ్‌వెస్ట్_తెలుగు:

శాలిబండ అన్నా, మీరు అడిగిందే ఆ పుస్తకానికి గుండెకాయ.

ఆయన 3 జతలు తీసుకున్నారు: అలీగఢ్–కాలికట్, హైదరాబాద్–లక్నో, అహ్మదాబాద్–సూరత్. ప్రతి జతలో ముస్లిం జనాభా నిష్పత్తి ఇంచుమించు ఒకటే. ఒకటి పదేపదే తగలబడింది, రెండోది చాలావరకు నిలబడింది. హైదరాబాద్, లక్నో రెండూ నవాబుల నగరాలే, రెండిట్లోనూ తెహజీబ్, అంటే మర్యాద, సంస్కారం అనే మాట జనం నోట్లో నానుతుంది. కాలికట్‌లో, అలీగఢ్‌లో ఇంటింటికీ వెళ్ళి అడిగారు. రెండు మతాలవాళ్ళు తరచుగా కలిసి భోంచేస్తామన్నది కాలికట్‌లో 83 శాతం, అలీగఢ్‌లో 54 శాతం. పిల్లలు కలిసి ఆడుకుంటారన్నది కాలికట్‌లో 90, అలీగఢ్‌లో 42.

కానీ ఆయన అక్కడ ఆగలేదు. పక్కింటి పొత్తు, గిన్నెలు మార్చుకోవడం, పండక్కి పిలుచుకోవడం, ఇవన్నీ ఒక రకం. పల్లెలో ఇవి చాలు, ఊరంతా ఒకరికొకరు తెలుసు కాబట్టి. లక్షల మంది ఉన్న నగరంలో చాలవు, మీ గల్లీ చివర కత్తి పట్టుకున్నవాడు మీ చాచాని ఎప్పుడూ చూసి ఉండడు. అక్కడ కావలసింది రెండో రకం: రెండు మతాలవాళ్ళూ కలిసి నడిపే వర్తక సంఘం, కార్మిక సంఘం, గ్రంథాలయం, క్లబ్బు, పార్టీ శాఖ. వీటిలో ఉన్నవాళ్ళకి గొడవ వద్దనుకోవడానికి మంచితనంతో పాటు సొంత లాభం కూడా ఉంటుంది. లక్నోలో బట్టల మీద చేసే చికన్ ఎంబ్రాయిడరీ పని చూడండి, కుట్టేది చాలావరకు ముస్లిం స్త్రీలు, వ్యాపారం చేసేది చాలావరకు హిందువులు, ఒకరి చెయ్యి ఆగితే ఇంకొకరి పొయ్యి ఆరుతుంది. కాలికట్‌లో పుకారు పుడితే శాంతి కమిటీలోవాళ్ళు, పత్రికలవాళ్ళు, కలెక్టరు ఒకే గదిలో కూర్చుని తేల్చేవాళ్ళు. అలీగఢ్‌లో 1990లో యూనివర్సిటీ ఆసుపత్రిలో రోగుల్ని చంపేస్తున్నారని స్థానిక పత్రికల్లోనే అబద్ధపు వార్త అచ్చయింది, ఊరు అంటుకుంది.

హైదరాబాద్‌లో అలాంటి కలిసిన సంఘాలు ఎందుకు బలపడలేదంటే 1930ల చివరి సంవత్సరాల దాకా వెనక్కి వెళ్ళాలి, ఆర్యసమాజం, మజ్లిస్, తర్వాత రజాకార్లు, ఆ కాలంలోనే రాజకీయం మతం వారీగా విడిపోయింది. అన్నా, మీ అమ్మగారి గిన్నెలో లోపం ఏమీ లేదు. ఆ గిన్నె మీ గోడ దాటి గల్లీ చివరిదాకా వెళ్ళగలిగే ఏర్పాటు ఊళ్ళో లేదు, అంతే.

శాలిబండ:

ఇది రెండుసార్లు చదివాను. అమ్మకి కూడా చదివి వినిపించాను. ఆమె ఏమీ అనలేదు, కాసేపటికి చాచా వాళ్ళ కోడలికి ఫోన్ చేసింది.

లెక్కల_మాస్టారు:

చర్చ బాగుంది. కానీ ఆ అమ్మాయి పరిశోధన చేయాలనుకుంటోంది కాబట్టి రెండోవైపు కూడా చెప్పాలి, లేకపోతే మొదటి సెమినార్‌లోనే ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

ఇక్కడ విత్తు ముందా చెట్టు ముందా అనే సమస్య ఉంది. కలిసిన సంఘాలు ఉన్నాయి కాబట్టి కాలికట్ శాంతంగా ఉందా, శాంతంగా ఉంది కాబట్టి అక్కడ సంఘాలు కలిసి నడుస్తున్నాయా? గొడవ జరిగిన ఊళ్ళో మొదట విరిగేది ఆ సంఘాలే కదా. 6 నగరాలతో దీన్ని తేల్చడం కష్టం. ఇంకో మాట, అవే లెక్కలు కలిసి తయారుచేసిన విల్కిన్‌సన్ గారే 2004లో వేరే జవాబు ఇచ్చారు. పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటారు, అధికారంలో ఉన్న పార్టీకి మైనారిటీ ఓట్లు అవసరమైతే గొడవ గంటల్లో ఆగుతుంది, అవసరం లేకపోతే పోలీసులు చూస్తూ నిలబడతారు. పాల్ బ్రాస్ అనే ఇంకో రాజకీయ శాస్త్రవేత్త మీరట్, అలీగఢ్‌లలో దశాబ్దాలు తిరిగి ఇంకో మాట అన్నారు: అల్లర్లు వాటంతటవి పుట్టవు, వాటిని తయారుచేసే మనుషులు, పని విభజన, ఒక యంత్రాంగం శాశ్వతంగా ఉంటుంది అని.

ఒకే గణాంకాల నుంచి ఇద్దరు స్నేహితులు రెండు జవాబులు తీశారంటే నాకు గౌరవం పెరిగింది. ఎందుకంటే ఆ లెక్కలు దాచుకోలేదు, అందరికీ తెరిచిపెట్టారు. అమ్మాయీ, నీ లెక్కలు కూడా అలాగే తెరిచిపెట్టు. స్టాటిస్టిక్స్ ఇప్పుడే మొదలుపెట్టు, రిగ్రెషన్ దాకా రావాలి, ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, రోజూ గంటసేపు కూర్చుంటే ఆరు నెలల్లో చేయి తిరుగుతుంది. రాజకీయ శాస్త్రం అంటే వ్యాసాలు రాయడమే అనుకుని వచ్చిన పిల్లలు ఇక్కడే వదిలేస్తున్నారు, నాకు బాధగా ఉంటుంది.

పాత_సబ్ఎడిటర్:

మాస్టారి ప్రశ్నకి ఒక ఊరు జవాబు చెప్తుంది అనుకుంటాను. భివండీ. మరమగ్గాల ఊరు, మన పాలమూరు, కరీంనగర్, నల్గొండ జిల్లాల నేతపనివాళ్ళు కూడా అక్కడికి వలస పోయారు కాబట్టి మాకు వార్తలు వచ్చేవి. 1984లో అక్కడ పెద్ద అల్లర్లు. 1988లో సురేశ్ ఖోప్డే అనే పోలీసు అధికారి వచ్చి మొహల్లా కమిటీలు పెట్టాడు, వీధి వీధికీ, రెండు మతాలవాళ్ళూ సమానంగా, పేరున్న నాయకులను కాకుండా మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి, వాళ్ళతో పాటు ఆ వీధి కానిస్టేబుల్‌ని. గొడవ లేనప్పుడు కూడా కలిసేవాళ్ళు, కుళాయి నీళ్ళ గురించి, మురుగు కాలవ గురించి మాట్లాడుకునేవాళ్ళు. 1992 డిసెంబరు, 1993 జనవరిలో పక్కనే బొంబాయి అల్లర్లలో, వాటిని విచారించిన శ్రీకృష్ణ కమిషన్ లెక్క ప్రకారం 900 మంది పోయారు. భివండీ నిలబడింది.

అక్కడ సంఘాలు ముందు పెట్టారు, శాంతి తర్వాత వచ్చింది. వార్ష్ణేయ్ గారు కూడా దీన్ని చూపిస్తారు.

లెక్కల_మాస్టారు:

మంచి ఉదాహరణే, ఒప్పుకుంటాను. అయినా ఒక అధికారి బదిలీ అయ్యాక ఆ కమిటీలు ఎన్నాళ్ళు నిలుస్తాయి అన్నది కూడా చూడాలి. అదే ఒక పీహెచ్‌డీ.

జకార్తా_నుంచి:

యూనివర్సిటీ బయట కూడా పని ఉందని చెప్పడానికి వచ్చాను. నేను అభివృద్ధి రంగంలో ఒక సంస్థలో ఉన్నాను, ఇండోనేషియాలో పన్నెండేళ్ళు. సుహార్తో 1998లో దిగిపోయాక ఇక్కడ హింస చెలరేగింది, మలుకు, పోసో, కాలిమంతన్. అసలు ఎంతమంది పోయారో ఎవరి దగ్గరా లెక్క లేదు, ఎందుకంటే సుహార్తో రోజుల్లో తెగ, మతం, జాతి, వర్గం గురించి పత్రికలు రాయకూడదు. వార్ష్ణేయ్ గారు ఇద్దరు ఇండోనేషియా పరిశోధకులతో కలిసి ఐక్యరాజ్యసమితి ప్రాజెక్టు ఒకదానికి ఆ లెక్క తీశారు, 1990 నుంచి 2003 దాకా. జకార్తా పత్రికలు చూస్తే ఏమీ దొరకదని రాష్ట్రాల స్థానిక పత్రికలు చదివించారు, 14 రాష్ట్రాలవి. ఆచే, పపువాల వేర్పాటు పోరాటాలు పక్కన పెట్టి మిగతా హింస చూస్తే, 15 జిల్లాల్లో 85.5 శాతం మరణాలు. ఆ జిల్లాల్లో ఉన్న జనం 6.5 శాతం.

ఇక్కడ కూడా మళ్ళీ అదే కథ, కొన్ని చోట్లే కాలుతాయి. మా లాంటి సంస్థలకి ఈ లెక్క ఎంత అవసరమో మాటల్లో చెప్పలేను. రోడ్డు వేయాలన్నా, మార్కెట్ కట్టాలన్నా, ఎవరి స్థలంలో, ఏ తెగ ఊరికి ఆనుకుని అన్నది తప్పు చేస్తే మన డబ్బుతోనే గొడవ మొదలవుతుంది. నేను చేరిన కొత్తలో ఒక సంత షెడ్డు ఊరికి ఈ చివర కట్టాలా ఆ చివరా అన్నదాని మీద మూడు నెలలు ఆగిపోయాం. చివరికి రెండు ఊళ్ళ ఆడవాళ్ళు బట్టలుతికే రేవు పక్కన కట్టాం, వాళ్ళు అప్పటికే రోజూ కలిసేచోటు అదే కాబట్టి. ఆ చోటు చూపించింది మాస్టర్స్ చదివిన ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి, నెల రోజులు ఊళ్ళో ఉండి కనుక్కుంది. ఇలాంటి ఉద్యోగాలు ఉన్నాయి చెల్లీ. కాంట్రాక్టు ఉద్యోగాలు, ఏడాదికో రెండేళ్ళకో మారుతుంటాయి, ఆ టెన్షన్ ఉంటుంది, అది దాచను.

ఫీల్డ్_నోట్స్:

ఇక్కడ ఇండియాలో చేసేవాళ్ళెవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెప్తాను. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, నాలుగో ఏడాది. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధనకిచ్చే ఫెలోషిప్, వస్తే నెలకు 37,000, రెండేళ్ళయ్యాక 42,000, పైన ఇంటద్దె భత్యం. కాగితం మీద బాగానే ఉంది, కానీ నాకు ఒకసారి ఏడు నెలలు డబ్బు రాలేదు, ఆ ఏడు నెలలూ ట్యూషన్లు చెప్పి ఊళ్ళు తిరిగాను. మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు జేఆర్‌ఎఫ్ అంకె చెప్పమ్మా, ఆలస్యం సంగతి కూడా చెప్పు. రెండూ తెలిసి ఒప్పుకుంటే ఆయన నీ వెనక నిలబడతారు.

ఇక అసలు పని. గొడవ జరిగిన ఊళ్ళో మనుషుల్ని అడగడం అంటే పుండు కెలకడం. నేను నేర్చుకున్నవి చెప్తా. మొదటిసారి వెళ్ళినప్పుడు గొడవ గురించి అడగను, వ్యాపారం ఎలా ఉంది, పిల్లలు ఎక్కడ చదువుతున్నారు అని అడుగుతా. నోట్సులో పేర్లు ఎక్కడా రాయను, ఒక్కొక్కరికి ఒక గుర్తు, ఆ గుర్తుల జాబితా వేరే చోట. ఇంటర్వ్యూ మధ్యలో ఎవరైనా లోపలికి వస్తే ఏం మాట్లాడుకోవాలో ముందే అనుకుంటాం, సాధారణంగా చీరల ధర. ఒక ముసలామె తన కొడుకు గురించి గంటన్నర చెప్పి, "ఇది రాయకు, నీకు చెప్పాలనిపించింది" అంది. రాయలేదు. నా థీసిస్‌లో అంతకంటే బలమైన సాక్ష్యం ఇంకోటి లేదు, అయినా రాయను.

ఇంకొకటి, మన దగ్గర ఈ పని యూనివర్సిటీల్లోనే పుట్టలేదు. కె. బాలగోపాల్ గారు లెక్కల పీహెచ్‌డీ, వరంగల్‌లో పాఠాలు చెప్పినవారు, ఎన్‌కౌంటర్లు జరిగిన ఊళ్ళకి నడిచి వెళ్ళి నిజనిర్ధారణ నివేదికలు రాశారు. ఎస్.ఆర్. శంకరన్ గారు ఐఏఎస్‌గా రిటైరయ్యాక పౌర స్పందన వేదిక పెట్టి నక్సలైట్లకీ ప్రభుత్వానికీ మధ్య మాటలు నడిపించడానికి ఏళ్ళ తరబడి తిరిగారు, 2004 అక్టోబరు చర్చల వెనక ఆ తిరుగుడు ఉంది. భూమి, అడవి, కూలి, పోలీసు, వీటిని విడివిడిగా చూడలేమని వాళ్ళ నివేదికలు చదివితే అర్థమవుతుంది. తెలుగులోనే ఇంత ఉంది, ముందు అది చదువు.

మిడ్‌వెస్ట్_తెలుగు:

ఫీల్డ్_నోట్స్ అక్క చెప్పింది నూరుపాళ్ళు నిజం. అమెరికా సంగతి త్వరగా చెప్పేస్తా. మంచి ప్రోగ్రాంలో సీటు వస్తే ఫీజు ఉండదు, స్టైపెండ్ ఇస్తారు, బదులుగా క్లాసుల్లో సహాయం చేయాలి. రెండేళ్ళు కోర్సులు, తర్వాత పరీక్షలు, ప్రాస్పెక్టస్ (ఏం పరిశోధిస్తామో చెప్పే ప్రణాళిక), ఫీల్డ్‌వర్క్, రాయడం. 5 ఏళ్ళు అంటారు, 6, 7 అవుతాయి. ఫీల్డ్‌కి వెళ్ళేముందు యూనివర్సిటీ ఎథిక్స్ బోర్డు అనుమతి తప్పనిసరి. ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. నేను గత ఏడాది 40కి పైగా అప్లికేషన్లు పంపితే 2 ఇంటర్వ్యూలు వచ్చాయి, ఉద్యోగం రాలేదు. ఈ ఏడాది మళ్ళీ పంపుతున్నా. ఇదంతా తెలిసి కూడా నేను వేరే పని చేయాలనుకోవడం లేదు.

నీ ప్రశ్న నీ దగ్గర ముందే ఉంది చెల్లెమ్మా, చాలామందికి మూడో ఏడాదికి గానీ దొరకదు. ఒక్క మాట, నీ రెండు పట్టణాల పేర్లు ఇక్కడ రాయకు. రేపు నువ్వు వెళ్ళి మాట్లాడే మనుషులు ఇది చదవొచ్చు.

గుంటూరు_మిరప:

అమ్మాయ్, పత్తి మార్కెట్ అన్నావు కదా. మా మిరప యార్డులో కమీషన్ ఏజెంట్లు, హమాలీలు, తూకం వేసే దడవాయిలు, లారీవాళ్ళు, ఒక్కో పనిలో ఎవరెవరు ఉంటారు, ఎవరి సంఘంలో ఎవరు కూర్చుంటారు అన్నది చూస్తే ఊరి అసలు రూపం కనిపిస్తుంది. నువ్వు మొదలుపెట్టాల్సింది పోలీస్ స్టేషన్ దగ్గర కాదేమో, యార్డు దగ్గరేమో చూడు. సీజన్‌లో వెళ్ళు, సీజన్ లేనప్పుడు వెళ్తే కాటాలు తప్ప మనుషులు ఉండరు.

గోదారి_ఒడ్డు:

మూడు వారాలు అయింది, ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. అందరి జవాబులూ ప్రింట్ తీసుకున్నాను.

మీరు చెప్పినట్టే రెండో పట్టణం వెళ్ళాను, మార్కెట్ యార్డుకి. సీజన్ మొదలైంది, బండ్లు బారులు తీరి ఉన్నాయి. హమాలీ సంఘం గది అంటే రేకుల షెడ్డు, ఒక బీరువా, ఒక కుండ. అధ్యక్షుడు హిందువు, కోశాధికారి ముస్లిం, ఇరవై ఏళ్ళుగా అలాగే మార్చి మార్చి పెట్టుకుంటున్నారట, ఎందుకు అలా అని అడిగితే "లెక్క మీద నమ్మకం ఉండాలె గదమ్మా" అన్నాడు ఆయన. మినిట్స్ పుస్తకం చూపించారు. మా ఊరు తగలబడిన నెలలో వాళ్ళు నాలుగుసార్లు కూర్చున్నారు, మామూలుగా నెలకు ఒకసారే. మూడో మీటింగ్ పేజీలో ఒకే లైను ఉంది: "పుకార్ల విషయం మాట్లాడినాము, రేపు కాంటా ఆగకూడదని తీర్మానం." కింద పదకొండు వేలిముద్రలు, ఆరు సంతకాలు.

మా ఊరి యార్డులో కూడా అడిగాను. అక్కడ హమాలీ సంఘాలు రెండు. ఎప్పుడు విడిపోయాయో ఇంకా తెలియాలి, మొదటి గొడవకి ముందా తర్వాతా అన్నది. లెక్కల మాస్టారూ, మీ ప్రశ్న అప్పుడే గుర్తొచ్చింది.

నాన్నకి 37,000 సంగతీ చెప్పాను, ఏడు నెలల సంగతీ చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడకుండా, ఆ పాత సంఘం విడిపోయినప్పుడు తన దగ్గర కాటా రాసిన గుమాస్తా ఒకాయన ఇంకా ఉన్నాడని, ఆదివారం తీసుకెళ్తానని అన్నారు.

ఫీల్డ్_నోట్స్:

ఆదివారం వెళ్ళేముందు నాకు మెసేజ్ చెయ్యి. నాన్నని గదిలో కూర్చోబెట్టుకుని ఇంటర్వ్యూ చేయకు, పరిచయం చేయించి ఆయన్ని టీకి పంపించు. రెండు పెన్నులు తీసుకెళ్ళు.